వెంట నడిచేవాడు

ఆ ఆదివారం పద్మనాభయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే స్నానం చేసి, కాలువ దాటి పాలెం వెళ్లి, ఒక ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో ఆనందకుమారికి చెప్పి, ఎండ ముదరకముందే తిరిగి రావాలి. వంట వచ్చాక చేసుకోవచ్చు. ఒక్క ప్రాణికి వంట ఎంతసేపు?

బోగోలు నుంచి సముద్రం వైపు వచ్చే మట్టిరోడ్డు ఆ ఊరితో అయిపోతుంది. ఊరికి తూర్పున బకింగ్‌హాం కాలువ, కాలువ అవతల చేపలు పట్టేవాళ్ల పాలెం, పాలెం అవతల సముద్రం. ఊళ్లో హైస్కూలు పెట్టిన ఏడు, అంటే పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో, ఇంగ్లీషు మాస్టరుగా వచ్చి కొట్టు రంగనాయకులు ఇంటి వసారా గదిలో దిగిన పద్మనాభయ్య మూడేళ్లయినా అక్కడే ఉన్నాడు. నలభై దాటింది, పెళ్లి కాలేదు. కాకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. తండ్రి ముందే పోయాడు. సంబంధం చూసే పని మేనమామలదని పెదనాన్న అనుకున్నాడు. పెదనాన్న ఉండగా మనం తలదూర్చడం బాగుండదని మేనమామలు అనుకున్నారు. ఇలా ఒకరినొకరు గౌరవించుకుంటూ ఇరవయ్యేళ్లు గడిపారు. ఆత్మకూరు దగ్గర వాళ్ల మాగాణి ఊళ్లో మగవాడు తన పెళ్లి మాట తనే ఎత్తితే మతి చెడిందనుకుంటారు. పద్మనాభయ్య ఎత్తలేదు.

బడి వదిలాక ఆయనతో మాట్లాడే మనిషి లేడు. రంగనాయకులు కొట్టు కట్టేసి వచ్చేసరికి అందరూ నిద్రపోయే వేళ అవుతుంది. కొన్ని సాయంత్రాలు ఆయన రేపటి పాఠాన్ని ఖాళీ తరగతిలో బోర్డు మీద రాసి, పైకి చదువుకుని, తుడిచేసి ఇంటికి వచ్చేవాడు. తన గొంతు తనకు వినిపించినా చాలుననిపించేది.

ఆనందకుమారి పాలెం పిల్ల. నెల్లూరు ఆసుపత్రిలో పుడితే అక్కడి నర్సమ్మ ఆ పేరు పెట్టింది. ట్రెయినింగు పూర్తి చేసి ఊళ్లో ఎలిమెంటరీ బళ్లో టీచరుగా చేస్తూ, ప్రైవేటుగా పై పరీక్షకు చదువుతోంది. బుధవారం సాయంత్రాలు హైస్కూలు వరండాలోకి వచ్చి ఇంగ్లీషు పాఠంలో సందేహాలు అడిగేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. నిలబడే అడిగి, నిలబడే విని, పావుగంటలో వెళ్లిపోయేది. ఆ పావుగంట కోసం పద్మనాభయ్య సోమవారం నుంచే గొంతు సవరించుకునేవాడు.

ఈమధ్య ఆమె అడిగిన మాట సూటర్. ఒక స్త్రీని పెళ్లాడాలని కోరుతూ ఆమె చుట్టూ తిరిగే మగవాడని ఆయన ఠక్కున అర్థం చెప్పాడు. తెలుగులో ఏమంటారని ఆమె అడిగింది. అక్కడ చిక్కుపడ్డాడు. పెళ్లికొడుకు అందామంటే పెళ్లి ఇంకా కుదరనే లేదు. వరుడన్నా అంతే. ఇంకో మాటేదో ఉందిగానీ అది ఆడపిల్ల ముందు అనేది కాదు. చివరికి, మన భాషలో ఆ మాట లేదు, ఎందుకంటే మన దగ్గర ఆ మనిషే లేడు, అడిగేదంతా పెద్దవాళ్లు కదా అన్నాడు. ఆమె, "మరి వాళ్లకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది సార్?" అంది.

బళ్లో ఉన్న డిక్షనరీకి అంత లోతు లేదు. పద్మనాభయ్య సెలవు రోజున బస్సెక్కి నెల్లూరు వెళ్లాడు. తెలిసిన లెక్చరర్ను బతిమాలి కాలేజీ లైబ్రరీలో దిండంత పుస్తకం తెరిపించుకున్నాడు. జవాబు దొరికింది. తీరా బుధవారం ఆమె రాలేదు. పరీక్ష పని మీద కావలి వెళ్లిందన్నారు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి కూడా రాలేదని వెంకటశేషమ్మ చెప్పింది. ఈవిడ రంగనాయకులు భార్య. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి ఆయన్ను ఒక సంగతి అడిగి జవాబు కోసం ఎదురుచూడడం అదే మొదలు. వచ్చే బుధవారం దాకా దాన్ని కడుపులో దాచుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఆదివారం పొద్దున చాకలి పోలేరయ్య దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. అత్తగారి ఊరు వెళ్లినవాడు తిరిగి రాలేదు, ఉతికిన పంచెలన్నీ వాడింట్లోనే ఉన్నాయి. పెట్టెలో మిగిలినవి అక్క కూతురి పెళ్లిలో పెట్టిన జరీ అంచు పంచె, పట్టు ఉత్తరీయం. అవే కట్టుకుని వసారాలోకి వచ్చేసరికి వెంకటశేషమ్మ ఇత్తడి పళ్లెంతో ఎదురైంది. అందులో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, పసుపు కుంకుమ, ఒక రవికెల గుడ్డ, గుప్పెడు నానబెట్టిన శనగలు ఉన్నాయి. కాకులు ముట్టకుండా వాటి మీద ఎర్ర పట్టుగుడ్డ కప్పింది.

"ఎట్టాగూ ఆ పక్కకే పోతా ఉండావు గదయ్యా. వ్రతం వాయనం, ఆ పిల్ల చేతిలో పెట్టిరా. రెండు చేతుల్తో పట్టుకో, ఒంటి చేత్తో పట్టకూడదు" అంది.

మగవాడి చేత వాయనం పంపడం ఉందా అని ఆయనకు అనుమానం వచ్చిందిగానీ, అద్దె పెంచని ఇల్లాలితో ఆచారాల మీద వాదన పెట్టుకోవడం మంచిది కాదని ఊరుకున్నాడు.

వీధి మొగలో కాఫీ హోటలు హజరత్తయ్య ఎదురొచ్చాడు. పాల కోసం గబగబా వస్తున్నవాడు పద్మనాభయ్యను చూసి కొయ్యబారిపోయాడు. జరీ పంచె, పట్టు ఉత్తరీయం, రెండు చేతుల్లో ఎర్రగుడ్డ కప్పిన పళ్లెం, తూర్పు ముఖంగా నడక, శ్రావణమాసం. చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు. పక్కకు తప్పుకుని పద్మనాభయ్యను ముందుకు పోనిచ్చి, తనూ తూర్పుకు తిరిగి ఆయన వెనక నడవడం మొదలుపెట్టాడు.

ఎక్కడికని మాత్రం అడగలేదు. శుభకార్యానికి బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని తెలియనిదెవరికి? అదిగాక ఆ కాలువ ఒడ్డున ఇంకో కట్టుబాటు ఉంది. పిల్లనడగడానికి తాంబూలం వెళుతుంటే ఎవరూ ఎదురు రాకూడదు. పొరపాటున ఎదురైతే వెనక్కి తిరిగి పిల్ల ఇంటి గుమ్మం దాకా వెంట నడవాలి. అప్పుడుగానీ ఎదురొచ్చిన దోషం పోదు. మాగాణి ఊరివాడైన పద్మనాభయ్యకు మొదటి సంగతి తెలుసు, రెండోది తెలియదు.

ఆ తర్వాత చేపల బుట్టతో ఊళ్లోకి వస్తున్న మాలకొండమ్మ ఎదురైంది. నిండు బుట్ట నెత్తిన పెట్టుకునే ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. ఆమె వెనకున్న ఆడవాళ్లూ తిరిగారు. కల్లు కుండలవాడు, మేకలు తోలుకొచ్చేవాడు, మేకలు, అందరూ తిరిగారు. పద్మనాభయ్య ఆగితే వాళ్లూ ఆగారు. ఈవేళ పాలెంలో ఏదో జాతర ఉంది కాబోలు, వాయనం ఇచ్చేసి తొందరగా బయటపడాలి అనుకుని ఆయన అడుగు పెంచాడు. వాళ్లూ పెంచారు. వెనకవాళ్లకంతా ముందువాళ్లకు సంగతి తెలుసునని నమ్మకం. ముందువాళ్లకు మోస్తున్న అయ్యవారికి తెలుసునని నమ్మకం.

రేవులో పడవ దిగుతున్నవాళ్లలో ముత్యాలయ్య ఒకడు. చేపల సొసైటీలో గుమాస్తా, పాలెం కుర్రాడే. మెతక మనిషి. రోజూ పొద్దున ఆనందకుమారి బడికి నడిచి వెళ్తుంటే కాస్త వెనకగా అదే దారిన వెళ్లడం పద్మనాభయ్య తరగతి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. సొసైటీ ఆఫీసు అటే కదా అనుకునేవాడు. ముత్యాలయ్య పళ్లెం చూశాడు, ఎర్రగుడ్డ చూశాడు, ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. ఒక కాలు గట్టు మీద పెట్టినవాడు ఆ కాలు వెనక్కి తీసుకుని మళ్లీ పడవెక్కి, అందరికన్నా చివర తలవంచుకుని కూర్చున్నాడు.

పడవ నడికాలువలోకి వచ్చాక పద్మనాభయ్య ఉండబట్టలేక హజరత్తయ్యను అడిగాడు, మీరంతా ఎక్కడికని. హజరత్తయ్య చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"ఆ మాట అనబాకండయ్యోరా. పిల్లనడగను తాంబూలం పోతా ఉంటే మేం ఎదురొస్తిమి. ఇంటిదాకా నడవకపోతే మాకు పాపం గాదా?"

"ఏ పిల్ల?"

"పాలెంలో పెళ్లీడుకొచ్చిన పిల్ల, మీ మాదిరి చదువుకున్నాయన అడగదగ్గ పిల్ల, ఇంకెవురుండారయ్యా?"

పద్మనాభయ్య పళ్లెం ఎత్తి చూపించాడు. ఇది వ్రతం వాయనమని గట్టిగానే చెప్పాడు. మాలకొండమ్మ నవ్వింది. మగాడి చేత వాయనం పంపేవాళ్లు ఏ లోకంలో ఉంటారని, గుమ్మం చేరేదాకా సంగతి దాచడం పెద్దమనిషి లక్షణమని మెచ్చుకుంది. పడవ తిప్పమని ఆయన చిన్నపోలయ్యను అడిగాడు. ముప్పయ్యేళ్లుగా ఆ రేవులో గడ వేస్తున్న చిన్నపోలయ్య గడ ఆపకుండానే, తాంబూలం ఎక్కిన పడవ నడికాలువలో వెనక్కి తిరిగితే ఆ ఏడు పాలెం వలల్లో చేప పడదని, ఇన్ని పొయ్యిలు ఆర్పే పని అయ్యవారు చేయడని, తనకు తెలుసని చెప్పాడు.

పద్మనాభయ్యకు పరువు గురించి అంత బెంగ లేదు. ఉన్నదల్లా బుధవారం గురించే. ఈ మందను వెంటేసుకుని గుమ్మం ముందు నిలబడితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? సందేహాలు అడిగిన పాపానికి నలభై ఏళ్ల మాస్టరు తాంబూలం పట్టుకొచ్చాడనుకుంటుంది. ఇక జన్మలో ఆ వరండా ఎక్కదు. నిలబడి అడిగే ఆ పావుగంట కూడా పోతుంది. అది పోతే తనకు మిగిలేది బోర్డు, సుద్దముక్క, తన గొంతు.

అయితే పడవ అవతలి గట్టు చేరేలోపల ఆయన ఇంకో సంగతి గమనించాడు. ఎవరూ నవ్వడం లేదు. ఎకసెక్కం చేసినవాడు లేడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని కూర్చున్నారు, మగవాళ్లు తలగుడ్డలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అంటే ఇది వీళ్లకు వింతగా లేదా? జరగదగ్గ పనిగానే ఉందా? ఆ ఊహ రాగానే ఆయనకు సిగ్గేసింది. సిగ్గు తగ్గాక చూసుకుంటే ఊహ మాత్రం అక్కడే ఉంది. ఆశ అని దానికి పేరు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదుగానీ, గట్టు దిగేటప్పుడు ఉత్తరీయం సరిచేసుకున్నాడు.

పాలెం కట్టుబాట్లు చూసే పెద్దకాపు కామాక్షయ్యకు కబురు ముందే అందింది. తెల్ల మీసాలు దువ్వుకుని, చేతికర్ర పట్టుకుని, ఇసుకలో ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆయనా ఏమీ అడగలేదు. పద్మనాభయ్యకు దణ్ణం పెట్టి వెనక చేరాడు. ఆయన వెనక పాలెం చేరింది. వలలు ఆరేసుకునేవాళ్లు వలలు వదిలేసి వచ్చారు. తాటాకు పందిరి కింద కూర్చుని వల అల్లుతున్న ఆనందకుమారి తల్లి ముసలమ్మ, పేరేగానీ యాభై కూడా లేని మనిషి, కూతురి కోసం ఇంతమంది రావడం చూసి అల్లిక కిందపడేసి లేచింది.

చాప పరిచారు. పద్మనాభయ్యను తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. కామాక్షయ్య ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అయ్యోరా, మీరు నలుగురికీ చదువు చెప్పే పెద్దమనిషి. మీ చేతికి తాంబూలం ఇచ్చి పంపినారంటే మంచి ఇల్లే అయ్యుంటాది. ఇంతకీ పిల్లోడెవరో చెప్పండి."

పద్మనాభయ్యకు ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అంతా ఒక్కసారే తెలిసిపోయింది. తాంబూలం మోసేవాడు పెద్దమనిషి. వాడు పెళ్లికొడుకు కాడు, కాలేడు. ఎవరూ నవ్వకపోవడానికి కారణం అదే. ఊరి నుంచి ఇసుక దాకా వెంట నడిచిన ఇంతమందిలో ఏ ఒక్కరికీ ఆయనే ఆమెను అడగవచ్చునన్న ఆలోచన రాలేదు. ఆయన అంతగా భయపడ్డ నింద అసలు పుట్టనే లేదు. పుట్టనందుకు హాయిగా ఊపిరి పీల్చుకోవలసింది. కానీ చాలా బాధ కలిగింది.

నేనే అంటే సరిపోతుంది. పెదనాన్న అనలేదు, మేనమామలు అనలేదు, తనైనా ఒక్కసారి తన తరఫున అనవచ్చు. మతి చెడిందనుకుంటే అనుకుంటారు. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడు ముసలమ్మ చేతులు జోడించింది.

"తండ్రి లేని పిల్ల సామీ. తండ్రి మాదిరి మీరొచ్చి అడుగుతుండారు. అంతకన్నా ఏం కావాల నా బిడ్డకు?"

తెరిచిన నోరు ఆయన మూయనూ లేదు, మాట రానివ్వనూ లేదు. ఇంతలో ఆనందకుమారి మంచినీళ్ల చెంబుతో బయటికి వచ్చింది. జనాన్ని చూసి, పళ్లాన్ని చూసి బెదిరింది. ఆయన ముఖం చూసి తేరుకుంది.

"మాట దొరికిందా సార్?" అంది.

ఆ ఒక్క ప్రశ్నతో పద్మనాభయ్యకు ప్రాణం లేచొచ్చింది. తను వచ్చిన పని అదే. ఇంతమందిలో ఆ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఇక ఆయన చాప మీద లేచి నిలబడి, తరగతిలో చెప్పినట్టే చెప్పుకుపోయాడు. లాటిన్ అనే పాత భాష ఒకటి ఉందని, అందులో వెంట నడవడం అనే మాట నుంచి పుట్టి, ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి ఇంగ్లీషులోకి వచ్చిందని చెప్పాడు. మొదట్లో దానికి పెళ్లితో సంబంధమే లేదన్నాడు. ఎవరి వెంటనైనా నడిచేవాడు, కొలువుకు హాజరయ్యేవాడు, తర్వాత కోర్టులో వ్యాజ్యం వేసేవాడు, ఏదో ఒకటి కావాలని అర్జీ పట్టుకుని తిరిగేవాడు. ఆడపిల్లను కోరి తిరిగేవాడనే అర్థం అన్నిటికన్నా చివర వచ్చింది. పాలెమంతా నోరు తెరుచుకుని విన్నది. పిల్లనడిగే ముందు ఇంత మంచి ఉపోద్ఘాతం తన జన్మలో వినలేదని కామాక్షయ్య పక్కవాడితో అన్నాడు.

ఆనందకుమారి చెంబు కింద పెట్టింది. ఆమె చూపు పద్మనాభయ్య భుజం మీదుగా జనం చివరికి, పందిరి గుంజ దగ్గరికి పోయింది.

"వెంట నడిస్తే చాలునా సార్? ఏడాది పొడుగూతా నడిచి, నోరు తెరిచి ఒక్క మాట అడక్కపోయినా, వాణ్ని ఆ మాటతోనే పిలవొచ్చునా? ఆ పుస్తకంలో ఏముంది?"

పందిరి గుంజను పట్టుకుని నిలబడ్డవాడు ముత్యాలయ్య. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పద్మనాభయ్య వెనక్కి తిరిగి వాణ్ని చూశాడు, ఆమెను చూశాడు. ఆమె ఆ మాట ఎందుకడిగిందో, ఎవరి కోసం అడిగిందో అప్పుడు తెలిసింది. తను బస్సెక్కి నెల్లూరు వెళ్లి ఎవరి పేరు వెతుక్కొచ్చాడో కూడా తెలిసింది.

"పుస్తకంలో నడవడం వరకే ఉందమ్మా" అన్నాడు. ఆమెను అమ్మా అనడం అదే మొదలు.

అందరి తలలూ ముత్యాలయ్య వైపు తిరిగాయి. వాడు గుంజను వదల్లేదు.

"ఇయ్యాళ అడుగుదామనే రోజూ బయల్దేరతా ఉండాను" అన్నాడు చివరికి. "బడి వచ్చేస్తా ఉండాది."

కామాక్షయ్యకు సంగతంతా బోధపడింది. పడాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే పడింది. ముత్యాలయ్య తండ్రి సముద్రంలో పోయాడు, తల్లి అంతకు ముందే పోయింది, వాడి తరఫున తాంబూలం మోసే దిక్కు లేదు. అందుకని బుద్ధిమంతుడు బళ్లో పెద్దయ్యవారిని పట్టుకుని పంపుకున్నాడు. వరసలు కలుస్తాయి, కుర్రాడు తాగడు. అయితే అడిగినట్టు మోసినవాడి నోట రావాలి. ఆయన కర్రను ఇసుకలో గుచ్చి పద్మనాభయ్య వైపు తిరిగాడు.

"అంటే మీరొచ్చింది ఈ ముత్యాలయ్య కోసమేనా అయ్యోరా?"

కాదంటే నిజం చెప్పినట్టవుతుంది. కాదంటే ఆ కుర్రాడు రేపూ ఎల్లుండీ బడిదాకా నడిచి వెళతాడు, ఆపైన నలభై దాటుతుంది, ఏదో ఒక వసారా గదిలో ఉంటాడు. పద్మనాభయ్యకు ఆ గది ఎలా ఉంటుందో బాగా తెలుసు. దాన్ని ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు.

"అవును" అన్నాడు. "ఈ కుర్రాడి కోసమే వచ్చాను. పిల్లనిమ్మని అడుగుతున్నాను."

ఎర్రగుడ్డ తీశారు. తాంబూలంలో శనగలెందుకున్నాయని ముసలమ్మ అనుమానపడితే, మాగాణి వైపు అలా పెడతారని హజరత్తయ్య నమ్మకంగా చెప్పాడు. ఆమె పళ్లెం అందుకుంది. ఆడవాళ్లు శనగలు తలా నాలుగు నోట్లో వేసుకున్నారు. మాలకొండమ్మ తన బుట్టలో చేపలన్నీ ఆ పందిరి కిందే వండడానికి ఇచ్చేసింది. ఆనందకుమారి పద్మనాభయ్య కాళ్లకు మొక్కింది. దీర్ఘసుమంగళీ భవ అని ఆయన తప్పులేకుండా అన్నాడు. భోజనానికి ఉండమన్నారు. ఇంట్లో పనుందన్నాడు.

తిరుగు పడవలో ఆయన ఒక్కడే ఉన్నాడు. వెంట నడవడానికి ఎవరికీ కారణం లేదు. చిన్నపోలయ్య చుట్ట పీకుతూ, ఇంత బాగా పిల్లనడిగిన మనిషిని చూడలేదని, మీ తరఫున అమ్మగారిని పెళ్లికి ఎవరడిగారని కుశలమడిగినట్టు అడిగాడు. ఎవరూ అడగలేదని పద్మనాభయ్య చెప్పాడు. నీళ్లు ఎండకు మెరుస్తున్నాయని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇంటి దగ్గర వెంకటశేషమ్మ, వాయనం ఆ పిల్ల చేతికే ఇచ్చావా అని అడిగింది. అందాల్సిన చోటే అందిందని చెప్పి, గదిలోకి వెళ్లి, జరీ పంచె మడతపెట్టి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాడు.

ఆ తర్వాతి బుధవారం ఆనందకుమారి వరండాలోకి రాలేదు. ఆపై బుధవారమూ రాలేదు. కిటికీలోంచి చూస్తే ముత్యాలయ్య ఇప్పుడు వెనక కాదు, పక్కన నడుస్తున్నాడు. ఏవేవో చెబుతున్నాడు, ఆమె నవ్వుతోంది. సందేహాలేమైనా ఉంటే ఆ దారిలోనే తీరిపోతున్నట్టున్నాయి. పద్మనాభయ్య కిటికీ రెక్క దగ్గరగా వేసి తరగతివైపు తిరిగాడు.

ఆ శ్రావణం దాటకముందే చుట్టుపక్కల పాలేల నుంచి ఒకరి తర్వాత ఒకరు రంగనాయకులు ఇంటి వసారా ముందుకొచ్చి నిలబడడం మొదలైంది. తాంబూలం మోస్తే ఇంగ్లీషు అయ్యోరే మోయాలట, పెళ్లి విషయంలో ఆయన చెయ్యి చాలా మంచిదట.